కాశమ్మ నేర్పిన స్నో

కాశమ్మ చెప్పే కబుర్లలో సగం అబద్ధాలు. మిగిలిన సగం అంతకంటే పెద్ద అబద్ధాలు. యారాడ కొండ మీద లైట్‌హౌసులో ఒకసారి దీపం ఆరిపోతే, తన వంటింట్లో కిరసనాయిలు బుడ్డి పట్టుకుని కొండెక్కి నిలబడ్డానని చెప్పేది. ఆ వెలుగు చూసుకునే జపాను ఓడ ఒకటి క్షేమంగా రేవులోకి వచ్చిందట. ఓడ కెప్టెన్ దిగొచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే తనే వద్దని లేవదీసిందట. జపాను వాడికి నీ తెలుగెలా అర్థమైందని ఎవరైనా అడిగితే, ప్రాణభయం మీదున్నప్పుడు ఏ భాషైనా అర్థమవుతుందనేది.

ఈ కబుర్లన్నిటికీ కళ్ళింత చేసుకుని తలూపే మనిషి లోకంలో ఒక్కతే ఉంది. మనవరాలు సీతాలు. ఇంకా నాలుగేళ్ళు నిండలేదు. కొడుకు శ్రీరామ్మూర్తి రేవులో క్రేను నడిపేవాడు. అతను డ్యూటీకి వెళ్ళింది మొదలు వచ్చేదాకా అవ్వా మనవరాలూ వాకిట్లో కూర్చుని ఓడలు ముంచేవారు, తేల్చేవారు, తిమింగలాలకి పెళ్ళిళ్ళు చేసేవారు.

ఇది నచ్చనిది కోడలు గంగాభవానికి. ఆమె కాకినాడ పిల్ల. రెండో పురిటికి పుట్టింటికి వెళ్తూ, ఒక కాలు రిక్షాలో పెట్టి ఒక కాలు నేల మీదే ఉంచి, అత్తగారికి ఒక మాట చెప్పి మరీ వెళ్ళింది. ద్వారకా నగర్‌లో కొత్తగా కాన్వెంటు పెట్టారు. వేసవి సెలవుల్లో పిల్లల్ని పిలిచి ప్రశ్నలడుగుతారు. సీతాలుకి సీటు దొరికిందా, సరే. దొరకలేదా, పిల్ల కాకినాడలో అమ్మమ్మ దగ్గరుండి అక్కడి కాన్వెంటులో చదువుకుంటుంది.

“ఇక్కడుంటే దీనికి మీ కోతలు తప్ప ఇంకేం రావండీ అత్తయ్యగారూ,” అంది గంగాభవాని, ఎంతో మర్యాదగా.

సీతాలు లేని వాకిలి కాశమ్మ ఊహకే అందలేదు. ఓడ కబురు ఎవరికి చెప్పుకోవాలి? కొడుక్కా? వాడికి పొద్దస్తమానం ఓడలతోనే ఉద్యోగం. ఓడ మాటెత్తితే ఆవలిస్తాడు. కాబట్టి కాశమ్మ కొంగు బిగించింది. కాన్వెంటు వాళ్ళు ఏది అడిగితే అది నేర్పేస్తాను, పిల్లని మాత్రం ఒగ్గనని వీధంతా చెప్పుకుంది.

ఎండలు ముదిరాక కాకినాడ నుంచి కోడలి తమ్ముడు గవర్రాజు వచ్చాడు. మగపిల్లాడు పుట్టాడని చెప్పి, కాజాల పొట్లం చేతిలో పెట్టి, అక్క చెప్పమన్న సంగతి కూడా చెప్పాడు. కాన్వెంటులో బొమ్మలు చూపించి అడుగుతారట. ఎండ, వాన, స్నో. ఈ మూడూ ఇంటి దగ్గర బాగా నేర్పించాలట. స్నో దగ్గరే పిల్లలంతా బోర్లా పడుతున్నారట, దాన్ని ఇంకాస్త గట్టిగా నేర్పించాలట.

“స్నో అంటే తెలుసు కదండీ అత్తయ్యగారూ?” అన్నాడు గవర్రాజు.

“అదేటి బాబూ అలగంతావు. మీ యక్క కాపరానికొచ్చిన కాణ్ణుంచి రోజూ సూత్తన్నాను కదా,” అంది కాశమ్మ.

గవర్రాజుకి ఈ జవాబు కొంచెం వింతగానే తోచింది. కానీ రైలు వేళైపోతోంది, పైగా ఆ ఇంట్లో వింత జవాబులు కొత్త కాదు. వెళ్ళిపోయాడు.

కాశమ్మ చూసిన స్నో గంగాభవాని అద్దం ముందు ఉంటుంది. గులాబీ రంగు మూత ఉన్న గాజు డబ్బాలో, మొహానికి రాసుకునే తెల్లటి క్రీము. కోడలు సినిమాకి వెళ్ళినా, పేరంటానికి వెళ్ళినా ముందు స్నో, దాని మీద పౌడరు, ఆ తర్వాత కాటుక. కాన్వెంటు వాళ్ళు స్నో ఎందుకు అడుగుతున్నారో కూడా కాశమ్మకి ఇట్టే తెలిసిపోయింది. ఎండలో తిరిగితే పిల్లల మొహాలు కమిలిపోతాయి. వానలో తడిస్తే రాసుకున్న పౌడరు కారిపోతుంది. మరి బడికి తెల్లగా, శుభ్రంగా రావాలంటే ఏం రాసుకోవాలి? ఎండ, వాన, స్నో. బడి వాళ్ళు ఎంత ఆలోచించి పెట్టారో అని మెచ్చుకుంది కూడా.

మర్నాడే బడి మొదలైంది. పక్కింటి చిలకమ్మ పిల్లలిద్దరూ, వీధిలో దొరికిన వాళ్ళూ వచ్చి చేరారు. ఎండ పాఠానికి పిల్లల్ని వాకిట్లో నిలబెట్టి ఎవరి నీడ వాళ్ళ చేత తొక్కించింది. ఎవరికీ తన నీడ తనకి చిక్కలేదు గానీ, ఎండ ఎటు నుంచి వస్తే నీడ ఎటు పడుతుందో అందరికీ తెలిసింది. వాన పాఠానికి జల్లెడ పట్టుకుని అరుగెక్కి పైనుంచి చెంబెడు నీళ్ళు పోసింది. ఆ పాఠాన్ని పిల్లలు మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు.

ఆ తర్వాత అద్దం ముందున్న డబ్బా బయటికి వచ్చింది.

ముందు నుదుటి మీద ఒక చుక్క. చెంపకొకటి. ముక్కు మీదొకటి. గడ్డం కింద ఇంకొకటి. చుక్క పెట్టినప్పుడల్లా ఆ చోటు పేరు చెప్పాలి, లెక్క చెప్పాలి. లెక్క తప్పితే చుక్క తుడిచి మళ్ళీ పెట్టడమే. పిల్లలు కావాలని తప్పడం మొదలుపెట్టారు. రేవులో ఇనపరాయి దింపే రోజుల్లో ఆ వీధి గోడలన్నీ ఎర్రటి దుమ్ము కప్పుకుని పలకల్లా ఉంటాయి. ఆ గోడల మీద స్నో వేలితో సున్నాలు గీశారు, చందమామలు గీశారు, అరచేతులు అద్దారు. మధ్యాహ్నానికి డబ్బా అడుగు కనబడింది. గంగాభవాని పెట్లో దాచుకున్న కొత్త డబ్బా మూత తీశారు.

పిల్లల మొహాలు ఎంత తెల్లబడ్డాయంటే, కుళాయి దగ్గర్నుంచి వచ్చిన చిలకమ్మ తన పిల్లలనుకుని పక్క వీధి పిల్లలిద్దర్ని లాక్కుపోయి, అన్నం పెట్టి, జోకొట్టి పడుకోబెట్టింది. ఆ పిల్లలకి కూర నచ్చి నోరెత్తలేదు. ఇంకో విచిత్రం ఎదురింటి జగ్గారావు మేకది. అది నిక్షేపంలాంటి నల్ల మేక. సాయంత్రం జగ్గారావు దాన్ని వెతుక్కుంటూ వీధులన్నీ తిరిగాడు. వెనకే ఓ తెల్ల మేక అరుచుకుంటూ వస్తుంటే, నీ గోలేంటే మధ్యన అని దాన్ని అదిలిస్తూ మరీ తిరిగాడు.

శ్రీరామ్మూర్తి డ్యూటీ దిగి వచ్చేసరికి కూతురు వాకిట్లో బొమ్మలా నిలబడి ఉంది. మొహంలో కళ్ళు తప్ప ఏమీ తెలియడంలేదు.

“ఏటమ్మా ఇది?” అన్నాడు.

“పాఠం. స్నో నేర్పుతన్నాను,” అంది కాశమ్మ.

శ్రీరామ్మూర్తికి సంగతి అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వాలో ఏడవాలో తెలియక నులకమంచం మీద కూలబడ్డాడు. పొద్దుట్నుంచీ క్రేను మీదున్నాడేమో, కళ్ళు మూతలు పడిపోతున్నాయి.

“ఆ స్నో కాదే. స్నో అంటే మంచమ్మా,” అని వెనక్కి వాలిపోయాడు.

కాశమ్మ కొడుకు పడుకున్న మంచం కేసి చూసింది. నాలుగు కోళ్ళు, నులక. ఇందులో పిల్లలు బోర్లా పడడానికేముంది? కాన్వెంటులో మంచం సంగతి ఎందుకడుగుతారని కొడుకుని తట్టి లేపింది. మంచం కాదు, మంచు, మంచు అని శ్రీరామ్మూర్తి లేచి కూర్చుని చెప్పాడు. మంచైతే తనకి తెలియకపోవడమేమిటి, శృంగవరపుకోట అవతల తమ ఊళ్ళో చలికాలం తెల్లారి పొలం గట్టు కనబడనిచ్చేది కాదు కదా అంది కాశమ్మ. ఒకసారి ఆ మంచులో అరక కట్టిన మీ నాన్న, మంచు విడిచాక చూసుకుంటే పక్క ఊరి పొలం దున్నేసి ఉన్నాడని కూడా గుర్తు చేసింది. ఆ మంచూ కాదన్నాడు శ్రీరామ్మూర్తి. ఎక్కడో హిమాలయాల్లో గడ్డకట్టి పడుతుందట. తెల్లగా ఉంటుందట. పట్టుకుంటే ఐసులా ఉంటుందట. పిల్లలు దాంతో మనిషి బొమ్మ చేస్తారట. నువ్వు చూశావా అని తల్లి అడిగింది. నాను మాత్రం ఎక్కడ చూశానని చెప్పి ఈసారి నిజంగానే నిద్రపోయాడు.

కాశమ్మ తల పట్టుకుంది. తప్పు నేర్పినందుకు కాదు. నేర్పింది సీతాలుకి ముద్ర పడిపోయినందుకు. పైగా పుట్టి బుద్ధెరిగాక ఆమె తన నోటితో అన్న మాట వెనక్కి తీసుకున్నది లేదు. లైట్‌హౌసు బుడ్డి సంగతి వెనక్కి తీసుకుందా? మరి ఇదెలా తీసుకుంటుంది?

కాసేపు ఆలోచించి సీతాలుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

“డబ్బాలో ఉన్నాది పిల్ల స్నో గుంటా. దానికి తల్లుంది. రేపు తల్లి స్నో వొత్తాది,” అంది.

చేపల హార్బరులో పడవలకి ఐసు ఎత్తే వరహాలు ఆ వీధిలోనే ఉండేవాడు. కాశమ్మని పెద్దమ్మా అని పిలిచేవాడు. మర్నాడు పొద్దెక్కేసరికి చేపల గంపలో గోనెపట్టా కప్పి పొడి చేసిన ఐసు తెచ్చి దించాడు. పిల్లలు చేతులు పెట్టి, కెవ్వుమని తీసి, మళ్ళీ పెట్టారు. అరుగు నీడన ఐసంతా పోగేసి కాశమ్మ మనిషి బొమ్మ చేసింది. కళ్ళకి చింతగింజలు, ముక్కుకి పండు మిరపకాయ. నెత్తిన శ్రీరామ్మూర్తి డ్యూటీ టోపీ. ఆ టోపీ కోసం అతను అవతల ఇల్లంతా గాలిస్తున్నాడు.

బొమ్మ బాగానే కుదిరింది. కానీ గంప చేపల గంప. బొమ్మ పొట్టలో పొలుసులు తళతళలాడాయి. చెవి దగ్గర ఓ రొయ్య మీసం బయటికొచ్చింది. వాసన వీధి దాటి రోడ్డెక్కింది. ఇక పిల్లులు దిగాయి. ముందు ఆ వీధివి, తర్వాత రేవువి. భీమునిపట్నం నుంచి కొన్ని బస్సెక్కి కూడా వచ్చాయని వరహాలు చెబుతాడు. కండక్టరు దింపబోతే గుర్రుమన్నాయట. అన్నీ కలిసి తల్లి స్నోని కాళ్ళ నుంచి నాకడం మొదలుపెట్టాయి. పైనుంచి ఎండ, కింద నుంచి పిల్లులు. ఆ కాసేపట్లో బొమ్మ నడుం దాకా కరిగిపోయింది. ఇంకాసేపటికి టోపీ ఒక్కటే నేల మీద ఉంది, కింద చెంబెడు నీళ్ళు.

సీతాలు గొల్లుమంది. తల్లి స్నో ఎక్కడికెళ్ళిపోయిందని నేల మీద పడి దొర్లింది. ఏడుస్తున్న పిల్లని చూసి కాశమ్మకి తోచింది తోచినట్టు నోటికొచ్చేసింది. తల్లి స్నో చచ్చిపోలేదు. ఎండ దాన్ని నీళ్ళు చేసింది. ఆ నీళ్ళు ఎవరికీ కనబడకుండా పైకెళ్తాయి. పైన మబ్బులో కూర్చుని ఊసులాడుకుని, మళ్ళీ వానై మనింటికే వస్తాయి.

కాశమ్మ జీవితంలో అబద్ధమనుకుని చెప్పిన నిజం అదొక్కటే. ఇంత పెద్ద కోత పిల్ల ఎలా నమ్మిందా అని ఆ రాత్రి తనే నవ్వుకుంది.

గంగాభవాని పసివాణ్ణి ఎత్తుకుని తిరిగొచ్చింది. వచ్చీ రాగానే అద్దం ముందు ఖాళీ డబ్బా చూసింది, పెట్లో ఖాళీ డబ్బా చూసింది, గోడల నిండా తెల్లటి అరచేతులు చూసింది. పసివాణ్ణి మంచం మీద పడుకోబెట్టి నేరుగా లోపలి గదిలోకి వెళ్ళింది. సీతాలు గౌన్లు అప్పుడే ఒక పెట్లో సర్దడం మొదలుపెట్టిందని చిలకమ్మ వచ్చి చెవిలో ఊదింది.

పిలిచిన రోజున అందరూ ద్వారకా నగర్ వెళ్ళారు. కాన్వెంటు మేడమ్ పేరు కనకరత్నం. గోదావరి వైపు మనిషి. గంజి పెట్టిన చీర, పెద్ద బల్ల, వెనకాల ఇనప బీరువా. ముందు గదిలోకి వెళ్ళిన పిల్లలు ఒక్కొక్కరే ఏడుస్తూ బయటికి వచ్చారు. సీతాలు లోపలికి నడిచి, కుర్చీ ఎక్కి, కాళ్ళూపుతూ కూర్చుంది. వెనక తల్లీ, తండ్రీ, పసివాడూ. వాళ్ళ వెనక తలుపు పట్టుకుని కాశమ్మ.

మేడమ్ మొదటి బొమ్మ చూపించింది. ఎండ అంది సీతాలు. రెండోది చూపించింది. వాన అంది. మూడో బొమ్మలో తెల్లటి కొండ, తెల్లటి బొమ్మ మనిషి, నెత్తిన టోపీ.

“స్నో,” అంది సీతాలు.

గంగాభవాని ఊపిరి వదిలింది. మేడమ్ కూడా సంతోషించింది. అక్కడితో ఊరుకుంటే అయిపోయేది. స్నో ఎలా ఉంటుందో చెప్పమ్మా అని అడిగింది.

సీతాలు కుర్చీ దిగింది. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి మేడమ్ పక్కన నిలబడింది. మేడమ్ ఆ రోజు తొందరలో తయారైందేమో, చెవి కింద ఓ తెల్ల మరక చెంపలో కలవకుండా ఉండిపోయింది. సీతాలు దాన్ని వేలితో తీసి అందరికీ చూపించింది.

“ఇది పిల్ల స్నో. నువ్వు సరిగ్గా రాసుకోనేదు. సుక్కలెట్టి రాసుకోవాలి,” అని, అదే వేలితో మేడమ్ నుదురు, చెంపలు, ముక్కు, గడ్డం వరసగా ముట్టుకుంటూ, పేర్లు చెబుతూ, లెక్కపెట్టేసింది. తర్వాత బల్ల మీది బొమ్మ కేసి చూపించి అది తల్లి స్నో అంది. చల్లగా ఉంటుంది, చేపల వాసనేస్తుంది, పిల్లులకి ఇష్టం, ఎండ తగిలితే నీళ్ళై పైకెళ్ళి వానై వస్తుంది అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

గంగాభవాని కళ్ళు మూసుకుంది. కాకినాడ రైలు కూత తలుపు దగ్గర కాశమ్మకి స్పష్టంగా వినబడింది.

మేడమ్ ముందు చెవి కింద తడుముకుంది. తర్వాత రుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. రుమాలు కాసేపు ఊగింది. చివరికి కళ్ళు తుడుచుకుని, ఎండా వానా మంచూ కలిపి చెప్పిన పిల్ల ఇదొక్కతేనండీ, ఆ చేపల వాసన నేను మాన్పిస్తాను, సీటు ఇచ్చేస్తున్నాను అంది.

అప్పుడు సీతాలు గదంతా ఓసారి కలయజూసింది.

“ఈడ స్నో ఉన్నాదా?” అంది.

లేదమ్మా అంది మేడమ్, నిజం చెప్పే అలవాటు కొద్దీ.

“అయితే నాను రాను. మా ఇంటికాడ ఉన్నాది,” అని సీతాలు తలుపు వైపు నడిచింది.

తల్లి బతిమాలింది. తండ్రి బిస్కట్లన్నాడు. సీతాలు బల్ల కాలు వాటేసుకుని నేల మీద కూర్చుండిపోయింది. బలవంతాన ఏడిపించి చేర్చుకోవడం మా దగ్గర లేదండీ, తనంతట తను వస్తేనే అని మేడమ్ నొచ్చుకుంటూ చెప్పింది. సరే, మా అమ్మ మాటైతే వింటుంది, కాకినాడలోనే చేర్పిస్తామని గంగాభవాని పసివాణ్ణి భుజం మార్చుకుంది.

కాశమ్మ తలుపు వదిలింది. ఇంటి దగ్గరే ఉంటానని పిల్ల అంటే చెవులకి ఎంత కమ్మగా ఉందో ఆమెకే తెలుసు. కానీ ఆ మాట మీద నిలబడితే పిల్లే ఉండదు. నేరుగా వెళ్ళి మనవరాలి పక్కన చతికిలబడింది.

“నేదని ఎవులన్నారే గుంటా? ఆ యమ్మ దాసింది. అదిగో, ఎనకాతల బీరువాలో ఉన్నాది. స్నోలకి అమ్మమ్మ. తలుపు తీత్తే సల్లదనం పారిపోద్దని తియ్యట్లేదు,” అంది.

సీతాలు బల్ల కాలు వదిలి బీరువా కేసి చూసింది. లేచి వెళ్ళి ఇనప తలుపుకి చెంప ఆనించింది. ఇనుము కదా, చల్లగానే తగిలింది. వెనక్కి తిరిగి మేడమ్‌ని సూటిగా అడిగింది.

“నిజంగా ఉన్నాదా?”

కనకరత్నం మేడమ్ పిల్ల కేసి చూసింది. బీరువా కేసి చూసింది. అందులో సుద్దముక్కలు, గంట, కిందటేడు ముగ్గుల పోటీలో మిగిలిన రంగులు ఉన్నాయి. నేల మీద కూర్చున్న ముసలమ్మ తన కేసే చూస్తోంది. ఆ చూపులో కోతలేవీ లేవు.

“ఉంది,” అంది మేడమ్. “బళ్ళు తెరిచిన రోజు చూపిస్తాను.”

సీతాలు బడికి వస్తానంది. ఇప్పుడే మొదలుపెడదామంది కూడా. శ్రీరామ్మూర్తి పిల్లని ఎత్తుకున్నాడు. గంగాభవాని మేడమ్ దాకా వెళ్ళి, ఆగి, అత్తగారి కేసి తిరిగింది. పసివాణ్ణి ఆమె చేతిలో పెట్టి ముందుకు నడిచింది. వాళ్ళు గడప దాటాక మేడమ్ గొంతు తగ్గించి కాశమ్మని పిలిచింది.

“మామ్మగారూ, మాటైతే ఇచ్చేశాను. జూన్ నెల్లో ఈ విశాఖపట్నంలో నేను మంచు ఎక్కణ్ణుంచి తెచ్చి చూపించనండీ?”

“ఆ బెంగ మీకెందుకమ్మా, నాను సూసుకుంతాను కదా,” అని కాశమ్మ పసివాణ్ణి చంకన సర్దుకుంది. “దాన్ని ఒక్కరోజు సూపిత్తే సరిపోదు, రోజూ దగ్గిరుండి కనిపెట్టుకోవాల. నాను రోజూ వొత్తాను. మీరు బీరువా తాళమొకటి నాకిచ్చీండి.”